గీత కింద రాసిన మాట

ఫిబ్రవరి 4

బురద రాజ్యానికి పెద్ద మెకానిక్ గారైన బావమరిదికి,

పళ్ళ డాక్టరు వెనక గదిలోంచి మీ బావ రాస్తున్నాను. నువ్వు కులాసాగానే ఉన్నావని నీ కిందటి ఉత్తరం మీదున్న గ్రీజు మరక చూసి తెలుసుకున్నాను. ఒంట్లో బాగాలేనివాడు అంత గ్రీజు పూసుకోడు.

ఇక్కడ పని ఎప్పటిలాగే ఉంది. డాక్టరు ముందు గదిలో నోళ్ళు చూస్తాడు, నేను వెనక గదిలో కట్టుడు పళ్ళ సెట్లు చేస్తాను, తిట్లు మాత్రం ఇద్దరం పంచుకుంటాం. రిటైరైన లెక్కల మాస్టారొకాయన మూడోసారి సెట్టు వెనక్కి తెచ్చాడు. 'స' అన్నప్పుడల్లా ఈల వస్తోందట. "సున్నా అనలేకపోతున్నానయ్యా, సున్నా లేకుండా లెక్కలేంటి?" అని నా మీద గయ్యిమన్నాడు. అరగదీసి ఇచ్చాను. ఇప్పుడు 'స' బాగుంది, 'శ' ఈలేస్తోంది. ఆయన ఇంకా గమనించలేదు, నేనూ చెప్పలేదు.

మీ అక్క సంగతి. నీకు రాయద్దంది. రాయకపోతే తర్వాత నువ్వు నన్ను బతకనివ్వవు. కడుపులో గడ్డలాంటిదేదో ఉందన్నారు, తీసేశారు. చిన్న ఆపరేషనే. ఇంటికి వచ్చేసింది. కాస్త నీరసం, అంతే. నువ్వు కంగారుపడి మీ ఓడ కెప్టెన్ కాళ్ళమీద పడక్కర్లేదు.

మంచం మీద ఉంది కదా అని ఊరుకుంటుందా? మన యుద్ధం గుడ్డ తెప్పించుకుని పక్కన పరుచుకుంది. ఇన్నేళ్ళుగా మనిద్దరం ఉత్తరాల్లో ఆడుతుంటే "పళ్ళకీ నట్లకీ పంచాయితీ" అని వెక్కిరించిన మనిషి, ఇప్పుడు తీరిగ్గా చూస్తోంది. నది, నది మీద వంతెన, ఇవతల అడవి, మధ్యలో గుట్ట, గుట్ట మీద కోట. నా దండంతా పనికిరాక పక్కన పడేసిన కట్టుడు పళ్ళు, నీ దండంతా నట్లు. మనం గుడ్డ మీద గళ్ళు గీసుకున్న మొదటి రోజున తన ఎర్ర గుండీ ఒకటి తెంపి గుట్ట మీద పెట్టి, దీని జోలికొచ్చినవాడికి ఆ పూట భోజనం లేదంది, గుర్తుందా? అప్పుడు నువ్వు కోటకి 'అక్క' అని పేరు పెట్టావు. ఉత్తరాల్లో తికమక పడకుండా ఇంట్లో ఉన్నావిడని 'మీ అక్క' అనీ, గుట్ట మీదున్నదాన్ని ఉత్త 'అక్క' అనీ రాయడం నాకు అలవాటైపోయింది.

ఇంటి సంగతులు అయ్యాయి. అలవాటు ప్రకారం గీత గీస్తున్నాను. గీత కింద యుద్ధమే.

———

కొత్త ఆట మొదలుపెడుతున్నాను. మీ అక్క నిన్న నన్ను నిలదీసింది. "మీరెప్పుడూ పళ్ళన్నీ కోట చుట్టూ పెట్టుకుని కూర్చుంటారు. వాడొచ్చి చుట్టుముడతాడు. మీరు ఓడిపోతారు. ప్రతిసారీ ఒకేలా ఓడిపోతే ఏం తెలుస్తుందండీ? ఒక్కసారి వేరే రకంగా ఓడిపోయి చూడండి" అంది. పౌరుషం వచ్చింది. అందుకని వంతెన మీద ఈసారి కాపలా పెట్టలేదు. ఖాళీ. రా, చూద్దాం.

మీ బావ


ఫిబ్రవరి 25

పళ్ళు ఇకిలించే సేనాపతి బావగారికి నమస్కారాలు,

ముందు తిట్టనివ్వండి. ఆపరేషన్ అయిపోయాక చెప్తారా? చిన్నదట! కత్తి పెట్టాక చిన్నదేంటి, పెద్దదేంటి? అక్క చెప్పద్దంటే మానేస్తారా? ఈ జన్మలో అక్క చెప్పిన మాట ఇంకేదైనా విన్నారా మీరు? సిగరెట్లు మానేశారా?

సరే, తీసేశారు కాబట్టి సరిపోయింది. బాగా తినమనండి. ఇంటి పనంతా మీరే చెయ్యండి, కట్టుడు పళ్ళు ఎక్కడికీ పారిపోవు.

ఇక్కడ మా పూడిక తీసే ఓడ రేవు నోట్లో బురద తోడుతూనే ఉంది. మొన్న పంపు ఠక్కున ఆగింది. ఊడదీసి చూస్తే లోపల సైకిలు హ్యాండిలు. సముద్రంలో సైకిలు తొక్కినవాడెవడో! వంటవాడు దాన్ని కడిగి గిన్నెల గదిలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి బిగించుకున్నాడు. రేషన్ పడవ వస్తేనే ఉత్తరాలు. ఫోను కెప్టెన్ గదిలో ఉంది, అది ఆఫీసు పనికే, మాకు దాని తీగ కూడా ముట్టుకునే యోగం లేదు.

———

వంతెన ఖాళీగా వదిలారా? కళ్ళజోడు మార్చుకున్నారా బావా? వదిలాక నేను ఊరుకుంటానా? ఏడు నట్లు వంతెన దాటాయి. నాలుగు తిన్నగా గుట్ట మీదికి. ఇదిగో, అక్క మీద మొదటి దాడి. కాచుకోండి, పళ్ళు రాలగొడతాను.

మీ బావమరిది


మార్చి 14

పళ్ళు రాలగొట్టే వీరుడికి,

నీ నాలుగు నట్లకీ గుట్ట మీద నా దవడ పళ్ళు జవాబు చెప్పాయి. అక్క నిలబడింది. మిగతా సంగతి గీత కింద.

మీ అక్కని ఇంకోసారి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మొదటిసారి మిగిలిపోయిందేదో ఉందని మళ్ళీ తెరిచి శుభ్రం చేశారు. వచ్చేసింది. తెల్లవారగానే వీధివైపు కిటికీ తెరవమంటుంది. ఎదురింటి దర్జీ మిషను చప్పుడు వింటూ, ఇప్పుడు చొక్కా కుడుతున్నాడు, ఇప్పుడు లంగా అంచు కుడుతున్నాడు అని చెప్తుంది. నేను వెళ్ళి అడిగొచ్చాను, నిజంగానే లంగా! ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ చప్పుడు లేక నిద్ర పట్టలేదంది. అక్కడ ఇరవై మంచాల గది, పక్క మంచం ఆవిడ మూలుగు, నర్సుల చెప్పుల చప్పుడు. ఇంటికొచ్చిన పూట గోడకి చెంప ఆనించుకుని పడుకుంది పిచ్చి మనిషి. గోడ చల్లగా బాగుందట.

మాస్టారు మళ్ళీ వచ్చాడు. 'శ' సంగతి కనిపెట్టాడు.

———

ఇప్పుడు వినుకో. వంతెన ఖాళీగా వదలడం నా బుర్రలో పుట్టింది కాదు. మీ అక్క చెప్పింది, నేను రాశాను. నీ కళ్ళు నెత్తికెక్కి ఏడు నట్లనీ ఒక్కసారే దాటించావా? అడవిలో దాచిన రెండు కోరపళ్ళూ బయటికొచ్చి నీ వెనకాల వంతెన పట్టుకున్నాయి. నీ దారి తెగింది. మన పద్ధతి తెలుసుగా, రెండు వంతులు దారి తెగితే బిళ్ళ ఆకలికి పోతుంది. లెక్క చూసుకో నాయనా.

ఇన్నేళ్ళూ వంతెన పోతే కొంప మునుగుతుందని దానికి కాపలా కాశాను. పోయింది, కొంపేమీ మునగలేదు. మీ అక్క ఎంత నవ్విందంటే, కుట్లు లాగుతాయి ఊరుకోమన్నా వినలేదు. "వాడి మొహం చూడాలండీ, వాడి మొహం చూడాలి" అని ఒకటే గోల.

మీ బావ


ఏప్రిల్ 2

బావగారికి,

రెండోసారా? శుభ్రం చెయ్యడమేంటి బావా, అదేమైనా నుయ్యా? మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దర్జీ మిషను గురించి పది వాక్యాలున్నాయి, డాక్టరేమన్నాడో ఒక్క ముక్క లేదు.

ఉన్నమాట చెప్తున్నాను, కోపం తెచ్చుకోకండి. అమ్మప్పుడు కూడా మీరంతా ఇలాగే మెల్లమెల్లగా మాట్లాడారు. కాస్త నీరసం, కాస్త మెరుగు అన్నారు. ఆఖరికి అందరూ కలిసి చేతులెత్తేసి ఇంటికి తీసుకొచ్చేశారు. ఇంకో పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని నేను మొత్తుకుంటే, చిన్నవాడివి, నీకు తెలీదన్నారు. అప్పుడు చిన్నవాణ్ణే. ఇప్పుడు కాదు. ఆ సంగతి నేను మర్చిపోలేదు, మర్చిపోను. అక్క విషయంలో అలా జరగనివ్వను.

సెలవు ఆగస్టు దాకా లేదు. కానీ మీరు ఒక్క ముక్క రాయండి, రమ్మని. కెప్టెన్ మొహాన చీటీ పడేసి రేషన్ పడవ ఎక్కేస్తాను.

———

నా ఏడు నట్లూ గోవిందా! ఒళ్ళు మండిపోయింది. కానీ బావా, అక్క ఆడుతోందంటే నమ్మమంటారా? చిన్నప్పుడు పాముపటంలో పాము మింగిందని రెండు పూటలు అన్నం మానేసిన మనిషి అది. నేను ఒక్కణ్ణీ ఓడ మీద పడున్నానని జాలిపడి, అక్క నవ్వింది, అక్క ఆడింది అని కథలల్లుతున్నారు కదూ? నన్ను ఊరడించడానికైతే ఆ కథలొద్దు. మామూలుగా ఆడండి.

మిగిలిన నట్లతో నది పైనుంచి చుట్టి వచ్చాను. అక్క మీద రెండో దాడి. ఈసారి ఆరు.

మీ బావమరిది


ఏప్రిల్ 23

బావమరిదికి,

నీ ఉత్తరం నేను పనిలో ఉండగా వచ్చింది. మీ అక్కే విప్పి చదువుకుంది. నేను ఇంటికొచ్చేసరికి కవరు దిండు పక్కన ఉంది. ఆ రోజంతా తను నోరు మెదపలేదు. అమ్మగారి సంగతి ఇప్పుడెందుకయ్యా తవ్వుతావు? ఆవిడ ఏం కోరుకుందో అప్పుడు నీకు ఎవరూ చెప్పలేదు. తప్పే. మనిషి ఎదురుగా ఉంటే చెప్పచ్చు గానీ, కాగితం మీద నావల్ల కాదు.

కథలల్లడం లేదు. నాకంత తెలివి ఉంటే ఇన్నేళ్ళు నీ చేతిలో ఓడిపోయేవాణ్ణా? మంచం మీద ఇంకో గుడ్డ పరుచుకుని, రెండు పక్కలా తనే ఆడి చూసుకుంటుంది. నీ పక్క ఆడుతున్నప్పుడు అచ్చం నీలాగే కనుబొమలు ముడుస్తుంది. ఏదైనా కొత్త ఎత్తు దొరికితే నన్ను లేపుతుంది.

రమ్మని రాయనా అని అడిగాను. "ఆగస్టులో రానివ్వండి, ఇప్పుడొస్తే వాడి ఉద్యోగం పోతుంది" అంది. కాస్త చిక్కింది. మిగతాది

గీత గీసేస్తున్నాను.

———

నీ ఆరు నట్లనీ రెండో దాడిలోనూ ఆపాం. చచ్చీ చెడీ ఆపాం. అక్క నిలబడింది గానీ చుట్టూ పళ్ళు సగమే మిగిలాయి.

ఈ మధ్యలో తన గుడ్డ మీద ఇంకో ప్రయోగం చేసింది మీ అక్క. దండుని రెండేసి పళ్ళ చొప్పున విడగొట్టి అడవి నిండా చల్లింది, నువ్వు ఎటు చూడాలో తెలీక తికమక పడతావని. ఘోరంగా దెబ్బతింది. ఏ గుంపుకీ దారి లేదు, నువ్వు ముట్టుకోకుండానే ఆకలికి పోయాయి. నాకు కోపం వచ్చింది. తనకి రాలేదు. "తెలిసిందిగా. చెదిరిపోతే ఎవరికీ ఎవరూ అందరు. అందరూ ఒకే దారిలో ఉండాలి" అని ఆ పళ్ళన్నీ ఏరి డబ్బాలో వేసుకుంది.

తర్వాత ఒకటి అడిగింది. కోట పడితే ఆట అయిపోతుందని ఎవరు చెప్పారు అని. మన నిబంధనల కాగితం తీసి చూశాను. ఎక్కడా లేదు. మనమే అలా అనుకుని ప్రతిసారీ గుడ్డ మడిచేశాం. తను ఖాళీ గుడ్డ మీద ఆడి చూపించింది. చుట్టుముట్టకముందే కోట వదిలి దక్షిణం దారిన వచ్చేస్తే పళ్ళన్నీ క్షేమంగా ఊరు చేరతాయి. చుట్టుముట్టాక వదులుదామంటే కోటా ఉండదు, పళ్ళూ ఉండవు. రెండు రకాలుగానూ చూపించింది. అర్థమైందా అంటే అర్థమైందన్నాను.

ఇప్పుడు మీ అక్క నిన్నొక మాట అడగమంటోంది. పక్కనే ఉంది. తన మాటలు ఉన్నవి ఉన్నట్టు దించాలట, ఒక్క ముక్క మార్చినా ఊరుకోనంటోంది. రాస్తున్నాను.

"ఒరే తమ్ముడూ, అక్కని ఇంక వదిలేద్దామా? రెండుసార్లు నిలబెట్టారు. మూడోసారి నిలబడుతుందో లేదో చెప్పలేమంటున్నారు. నాకింక ఓపిక లేదురా. మీ బావ ఒక్కరే తేల్చుకోలేకపోతున్నారు. నువ్వు కూడా ఊఁ అంటేనే. నువ్వు కాదంటే వద్దు. రేపు అందరూ ఆయన్ని అనకూడదు, నువ్వసలే అనకూడదు."

ఇంతే. తొందరగా జవాబు రాయి.

మీ బావ


మే 9

బావగారికి,

అమ్మయ్య! అక్క రెండు పక్కలా ఆడుతోందీ, నాలా కనుబొమలు ముడుస్తోందీ అంటే నా ప్రాణం లేచొచ్చింది. కిందటి ఉత్తరంలో నోరు జారాను, మనసులో పెట్టుకోకండి. ఎత్తులు వేసేంత హుషారుగా ఉందంటే ఇంక భయం లేదు. ఆగస్టులో వస్తాను. దర్జీ మిషను చప్పుడు మీద నాకూ పందెం కట్టమనండి.

ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. ఇంజను గదిలో చొక్కా వేసుకున్నవాడు లేడు. వంటవాడికీ కెప్టెన్‌కీ మాటల్లేవు, మధ్యలో మాకు ఉప్పు లేదు.

———

ఏంటి బావా ఇది? ఇద్దరూ కలిసి నా బుర్ర తినడానికి చూస్తున్నారా? నా నట్లు ఖాళీ కోటలోకి చేతులూపుకుంటూ నడిచి వెళ్తే నాకేం మజా ఉంటుంది? మిమ్మల్ని ఎవరేమంటారట, ఓడిపోయారని పేపర్లో వేస్తారా?

అక్కకి నా మాటగా చెప్పండి. అక్కని వదలడానికి వీల్లేదు. ఎన్నిసార్లు నిలబెట్టాల్సి వస్తే అన్నిసార్లు నిలబెట్టాల్సిందే. ఆఖరి దాకా పోరాడాలి. వదిలేశారో, జన్మలో మీ మొహం చూడను.

ఒక్క పన్ను మిగిలినా సరే. మూడో దాడికి తొమ్మిది నట్లు తెస్తున్నాను.

మీ బావమరిది


మే 21

బావమరిదికి,

నీ జవాబు అందింది. నీ మాట మీ అక్కకి చదివి వినిపించాను. "వాడలా అన్నాడా?" అని అడిగింది. తర్వాత "సరే, వాడి మాట కాదనలేం" అంది. గురువారం ఆసుపత్రిలో చేరుస్తున్నాను. మూడో ఆపరేషన్ శనివారం చేస్తామన్నారు.

ఈసారి గీత కింద రాయడానికేమీ లేదు.

మీ బావ


మే 31

బావా,

మూడో ఆపరేషన్ ఏంటి? నా మాటేంటి? నేనేం అన్నాను?

నేను కోట గురించి రాశాను బావా! గుండీ గురించి! గీత కింద రాశాను చూడండి. మీ ఏప్రిల్ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. మీరు ఎప్పుడూ 'మీ అక్క' అనే రాస్తారు. అక్కడ ఉత్త 'అక్క' అని ఉంది. అక్క తన గురించి తనే 'అక్కని' అంటుందని, దాన్ని మీరు అలాగే దించారని నాకు తోచలేదు. గీత కింద మీరు 'అక్క' అని రాస్తే నాకు గుట్టే. ఇంకేమీ కాదు. 'నాకింక ఓపిక లేదురా' అన్న మాట కూడా ఆటలో విసుగనుకున్నాను. ఎంత గాడిదనో చూడండి.

ఆపండి. ఇంకా చెయ్యకపోతే ఆపించెయ్యండి. అక్కనే అడగండి. తనకి ఏది ఇష్టమైతే అదే నా మాట. ఇంటికి పోదామంటే ఇంటికి తీసుకెళ్ళండి. నేనేమీ అనను, ఎవర్నీ అననివ్వను.

కెప్టెన్‌కి చెప్పేశాను. ఈ ఉత్తరం తీసుకెళ్ళే పడవలో చోటు లేదన్నారు, తర్వాతి పడవలో బయల్దేరుతున్నాను. ఉత్తరం నాకంటే ముందు అందాలి. అందాలి బావా.

బావమరిది


జులై 12

బావమరిదికి,

క్షేమంగా ఓడ చేరావని తలుస్తాను. నిన్ను మళ్ళీ పనిలోకి తీసుకున్నందుకు మీ కెప్టెన్‌కి నా నమస్కారాలు చెప్పు.

నువ్వు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఒక సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా ఉంటే చెప్పచ్చని అమ్మగారి విషయంలో నీకు రాశాను. అబద్ధం. నేను ఎదురుగా ఉన్నా చెప్పలేని మనిషిని. అందుకే ఇలా రాస్తున్నాను. గీత గియ్యను.

నువ్వొచ్చేసరికి మీ అక్క లేదు. నీ ఆఖరి ఉత్తరం ఆవిడ పోయిన మర్నాడు అందింది. శనివారం ఆపరేషన్ తర్వాత తను పోయేదాకా ఆ ఇరవై మంచాల గదిలోనే ఉంది. గొంతులో గొట్టం ఉన్నప్పుడు చేత్తో సైగ చేసేది, ఇంటికి, ఇంటికి అని. గొట్టం తీశాక మాటతో అడిగింది. "ఇంటికెప్పుడండీ?" అనేది. రేపనేవాణ్ణి. నర్సు వచ్చినా అదే అడిగేది, ఊడ్చే మనిషిని కూడా అడిగింది. ఆఖరి పూట అడగలేదు.

నువ్వు వచ్చి మా గుమ్మంలో కూలబడి, చుట్టాలందరి ముందూ తల బాదుకున్నావు. "నేనే చంపాను, ఆటనుకుని రాసి అక్కని చంపేశాను" అని ఏడ్చావు. అందరూ నిన్ను పట్టుకుని ఊరడించారు. నేను గోడ పక్కన నిలబడి చూస్తూ ఊరుకున్నాను. నువ్వు ఉన్నన్నాళ్ళూ సరిగ్గా తిండి తినలేదు. చూస్తూనే ఉన్నాను.

నీ మే నెల ఉత్తరం విప్పినప్పుడే నాకు తెలిసింది. నువ్వు గీత కింద రాశావు. దాని ముందు 'ఖాళీ కోట' ఉంది, దాని తర్వాత 'తొమ్మిది నట్లు' ఉన్నాయి. కళ్ళున్న ఎవడికైనా తెలుస్తుంది, నువ్వు ఆట గురించి అంటున్నావని. నాకూ తెలిసింది. వీధరుగు మీద నిలబడే చదివాను. లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని, పైదీ కిందదీ వదిలేసి, మధ్య ముక్క మాత్రం చదివి వినిపించాను. 'అక్కని వదలడానికి వీల్లేదు' అన్న దగ్గర మొదలుపెట్టి 'మొహం చూడను' దగ్గర ఆపాను. ఉత్తరం ఇమ్మని తను చెయ్యి చాపింది. కళ్ళజోడు లేకుండా నీకు కనపడదులే అని మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఎందుకు చేశానంటే, ఆవిడ లేకుండా ఉండడం నావల్ల కాదు కాబట్టి. ఇంకో కారణం లేదు. వంతెన వదిలితే ఏమవుతుందో, చెదిరితే ఏమవుతుందో, కోట ముందే వదిలితే ఎంతమంది మిగులుతారో ఆవిడ ఒక్కొక్కటీ ఆడి నాకు చూపించింది. అర్థమైందా అంటే అర్థమైందన్నాను. నిజంగానే అర్థమైంది. నీ మాట సాయం దొరికేసరికి అదంతా ఎటుపోయిందో తెలీదు. డాక్టరు కాగితం మీద వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను.

తప్పు నీది కాదు. ఈ ముక్క చుట్టాలందరికీ నేనే చెప్తాను, ఒకరిద్దరికి చెప్పేశాను కూడా. మీ పెద్దమ్మ నా చేతి మంచినీళ్ళు ముట్టనని వెళ్ళిపోయింది. నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే, వేళకి తిను.

బావ


ఆగస్టు 3

బావగారికి,

మీ ఉత్తరం చదివి బురదలో విసిరేద్దామనుకుని డెక్కు మీదికి వెళ్ళాను. విసరలేదు. ఆ పూట మీరు గనక నా ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు. మీ ఇంట్లో మీ చాప మీద పడుకుని, మీ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. నిమిరారు. నిమురుతూ నోరు విప్పలేదు. మనిషన్నవాడు చేసే పనేనా అది? ఇది నేను మర్చిపోతానని అనుకోకండి. అమ్మ సంగతి ఎంతకాలం మోశానో మీకు తెలుసుగా.

జవాబు రాయకూడదనుకున్నాను. రెండు రేషన్ పడవలు వచ్చి వెళ్ళిపోయాయి. ఇంజను గదిలో ఒక్కణ్ణీ కూర్చుని మీ ఏప్రిల్ ఉత్తరం ఒకటే చదువుతున్నాను. వంటవాడు వచ్చి ఏంటయ్యా అది, ప్రేమలేఖా అన్నాడు. మా అక్కది అన్నాను.

అక్క పిచ్చిది కాదు బావా. నన్ను తిన్నగా అడిగితే నేనేమంటానో దానికి తెలుసు. అమ్మ గురించి నేను రాసిన ముక్క చదివి రోజంతా మాట్లాడలేదన్నారు కదా. ఆ తర్వాతే నన్ను అడగమంది. ఆటలో కలిపి అడిగింది. కోట వదిలితే పళ్ళు బతుకుతాయని ముందు చూపించి, అప్పుడు అడిగింది. ఆటలోనైనా వీడి నోట ఊఁ అనిపిద్దామనుకుందేమో. నాకైతే అలాగే అనిపిస్తోంది.

మీరు తప్పు మీద వేసుకుంటున్నారు. వేసుకోండి, మీరు చేసింది మీరు చేశారు. కానీ నాది కాదని మాత్రం రాయకండి. గీత పైన తిన్నగా అడిగి ఉంటే నేనేం రాసేవాణ్ణి? ఇన్నాళ్ళూ ఇదే ఆలోచించాను. అవే మాటలు రాసేవాణ్ణి. వదలడానికి వీల్లేదు, వదిలితే మీ మొహం చూడను అనే రాసేవాణ్ణి. మే నెలాఖరున 'తన ఇష్టమే నా మాట' అని రాశానే, అది భయంతో రాసింది. అక్క బతికుండగా తీరిగ్గా అడిగితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆట అనుకుని కూడా వదలనన్నవాణ్ణి, నిజమని తెలిస్తే వదులుతానా?

ఊడ్చే మనిషిని కూడా అడిగిందని రాశారు. ఆ ముక్క దగ్గర నేను ఆగిపోతున్నాను, దాటలేకపోతున్నాను.

అక్క మన ఇద్దర్నే అడిగింది బావా, ఇంకెవర్నీ అడగలేదు. ఇద్దరిలో ఏ ఒక్కడు ఊఁ అన్నా ఇంటికి వచ్చేసేది.

మీ బావమరిది